మంచివాడి ఇనుప చేతికి గ్లవ్ ఎందుకు?

హైదరాబాద్‌లో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ సినిమాలు రాస్తున్న, తీస్తున్న, గ్రాఫిక్స్ చేస్తున్న మిత్రులందరికీ,

నమస్కారం. నేను సినిమావాణ్ణి కాదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేసి బిగించే పనిలో ఉన్నాను. పొద్దున ప్లాస్టర్ పిండి, సాయంత్రానికి ఒళ్ళంతా రెజిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) వాసన. మా ఆవిడ ఇప్పటికీ నా చొక్కాలు విడిగా నానబెడుతుంది.

పోయిన నెల మీలో ఒక అబ్బాయి మా వర్క్‌షాప్‌కి వచ్చాడు. పేరు చెప్పను, ఏ స్టూడియోనో కూడా చెప్పను. పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడు. ఏదో పెద్ద సినిమాలో విలన్‌కి ఇనుప చెయ్యి, ఇనుప కాలు పెడుతున్నారట. రిఫరెన్స్‌కి ఫోటోలు తీసుకుంటానంటే సరేనన్నాను. గోడకి వేలాడుతున్న మోకాలి జాయింట్లు, పైపులు, రబ్బరు పాదాలు అన్నీ తీశాడు. అరగంటయ్యాక నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగాడు: "సార్, కొంచెం డేంజరస్‌గా కనిపించేది ఏమైనా ఉందా? చూడగానే వీడు మనిషి కాదు అనిపించాలి."

ఆ అబ్బాయి వెనకాల బెంచీ మీద ఒక టైలర్ కూర్చుని ఉన్నాడు. షుగర్ వల్ల మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది ఆయనకి. కొత్త కాలు కొంచెం లోపలికి తిరుగుతోందని అలైన్‌మెంట్ సరిచేయించుకోవడానికి వచ్చాడు. ప్యాంటు మోకాలి దాకా మడిచి ఉంది, స్టీల్ పైపు బయటికి కనిపిస్తోంది. ఆ మాట విన్నాడు. ఏమీ అనలేదు. మడత విప్పి ప్యాంటు కిందికి దించుకున్నాడు.

అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. ఫోన్‌లో తన రిఫరెన్సులు కూడా చూపించాడు. మొదటి బొమ్మే జనరల్ గ్రీవస్. నేను పేరు చెప్పేసరికి ఆశ్చర్యపోయాడు. ఎందుకు తెలియదు బాబూ? స్టార్ వార్స్ మూడో భాగం 2005లో వచ్చింది. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న డిస్కులో చూశాను. కొన్నిచోట్ల బొమ్మ ఆగిపోయేది. ఆగిన ప్రతిచోటా నేను వాడి మోకాళ్ళు చూస్తూ కూర్చునేవాణ్ణి. వృత్తి రోగం అది. పెళ్ళిళ్ళలో కూడా నేను జనం నడక చూస్తాను, మొహాలు తర్వాత.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్రీవస్ రోబోల సైన్యానికి సేనాధిపతి. రెండు మీటర్ల పైన ఎత్తు. మెదడు, కళ్ళు, ఛాతీ రేకుల వెనక సంచిలాంటి దాంట్లో గుండె, ఊపిరితిత్తుల్లాంటి కొన్ని అవయవాలు, అంతే వాడి ఒంట్లో మిగిలిన మాంసం. తక్కినదంతా లోహం. రెండు చేతులు మధ్యకు విడిపోయి నాలుగవుతాయి. నాలుగింట్లోనూ నాలుగు వెలుగు కత్తులు. ఆ కత్తులన్నీ వాడు చంపిన జెడై యోధులవి. వాళ్ళకుండే 'ఫోర్స్' అనే శక్తి వీడికి లేదు. కౌంట్ డూకూ అనే ఇంకో విలన్ దగ్గర కత్తి తిప్పడం నేర్చుకుని, ఆ లోటును ఇనుముతో పూడ్చుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ విలన్ నాకు నచ్చాడు. ఎందుకంటే వాడు దగ్గుతాడు.

అంత ఆర్భాటంగా వచ్చి, కేప్ విసిరేసి, గర్జించబోయి, మధ్యలో ఖళ్ళు ఖళ్ళున దగ్గుతాడు. నడుం వంచుకుని నడుస్తాడు. సినిమాకి ముందు వచ్చిన కార్టూన్ సిరీస్‌లో ఆ దగ్గుకో కారణం చూపించారు. మేస్ విండూ అనే జెడై దూరం నుంచే చెయ్యి బిగించి వాడి ఛాతీ రేకును లోపలికి నలిపేస్తాడు. లోపలున్న మెత్తటి భాగం ఆ రేకుల మధ్య ఇరుక్కుంది. మా భాషలో చెప్పాలంటే సాకెట్, అంటే తెగిన కాలో చెయ్యో దూర్చే గిన్నె లాంటి భాగం, టైట్ అయింది. రోజూ నా దగ్గరికి వచ్చే ఫిర్యాదే అది: లోహానికి నొప్పి లేదు, లోహం ఆనుకునే చోట నొప్పి. గ్రీవస్ గొంతు ఇచ్చినాయన పేరున్న నటుడు కాదు, ఆ సినిమా సౌండ్ విభాగంలోనే పనిచేసిన మాథ్యూ వుడ్. ఆడిషన్ టేపు మారుపేరుతో పంపాడట. మన డబ్బింగ్ స్టూడియోల్లో కూర్చునే మిత్రులు గమనించాల్సిన సంగతి ఇది.

వాడు ఎలా తయారయ్యాడన్నదానికి రెండు కథలున్నాయి. పాత పుస్తకాల్లో, కామిక్స్‌లో ఉన్న కథ ఇది. కలీ అనే పేద గ్రహంలో పుట్టిన యోధుడు. యుద్ధాల్లో ఆ గ్రహం చితికిపోయి అప్పుల్లో కూరుకుపోతే, బ్యాంకుల కూటమి ఒకటి వచ్చి, నువ్వు మా తరఫున పనిచేస్తే మీవాళ్ళ అప్పు సంగతి మేం చూసుకుంటామంది. ఒప్పుకున్నాడు. ఒక్క మాటలో చెప్పాలంటే రికవరీ ఏజెంట్. ఆ పని వదిలేసి సొంతవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతే, అదే బ్యాంకువాళ్ళు వాడి ఓడలో బాంబు పెట్టించి, కూలిపోయాక శకలాల్లోంచి మనిషిని తీసి, కొత్త ఒళ్ళు మేమే ఇచ్చాం చూడు అని కృతజ్ఞత కూడా రాబట్టుకున్నారు. తన ఒంటిని ఎవరు విరగ్గొట్టారో తెలియక, వాళ్ళ కోసమే చచ్చేదాకా యుద్ధం చేశాడు. లోన్ యాప్‌ల బెదిరింపులు చూసిన ఊరికి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

తర్వాత వచ్చిన యానిమేషన్ సిరీస్‌లో కథ మారింది. అందులో వాడు తనంతట తానే ఒక్కో అవయవం తీయించుకుని లోహం పెట్టించుకున్నాడు, ఇంకా బలం కావాలని. ఈ కథ నాకు ఎక్కలేదు. నా దగ్గరికి ఇన్నేళ్ళలో కాలు తీయించుకుంటానని సరదాగా వచ్చినవాడు ఒక్కడు లేడు. ఆటో బోల్తాపడి, మిషన్‌లో చెయ్యి పడి, కరెంటు షాక్ కొట్టి, పుండు మానక వస్తారు. అయినా ఆ సిరీస్‌లో ఒక్క ఎపిసోడ్ మాత్రం బాగుంది. గ్రీవస్ కోటలో కొట్లాట జరిగి కాళ్ళు పోతాయి. డేక్కుంటూ లోపలికెళితే ఒక డాక్టర్ రోబో కొత్త కాళ్ళు బిగిస్తూ సణుగుతుంది. పక్కనే విడి భాగాలు పేర్చి ఉంటాయి. అది చూసి నవ్వొచ్చింది. పనిమీద ఉన్న నేను అచ్చం అలాగే ఉంటాను.

ఇంతకీ నా బాధ గ్రీవస్‌తో కాదు. మా దగ్గరికి వచ్చే ఒక పిల్లాడి సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

అప్పటికి తొమ్మిదేళ్ళవాడు. స్కూల్ నుంచి వస్తుంటే లారీ తగిలి ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మేం బీకే (బిలో నీ) కేసు అంటాం. మొదటి కాలు వేసినప్పుడు వాడు నాతో మాట్లాడనేలేదు. పిల్లలకి ఎముక పెరుగుతుంది కాబట్టి ఏడాది తిరిగేసరికి సాకెట్ బిగుతయిపోతుంది. రెండోసారి కొలతలకి వచ్చినప్పుడు చంకలో ఒక టీషర్ట్ పెట్టుకొచ్చాడు, వాళ్ళ మామయ్య హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి వెళ్ళి తెచ్చాడట. దాని మీద గ్రీవస్ బొమ్మ.

సాకెట్ ఎలా చేస్తామో మీరు చూసి ఉండరు. తెగిన భాగానికి ప్లాస్టర్ కట్టు చుట్టి అచ్చు తీస్తాం. ఆ అచ్చులో మళ్ళీ ప్లాస్టర్ పోసి ఆరనిస్తే కాలి ఆకారం గట్టిగా చేతికొస్తుంది. ఎముక పొడుచుకొచ్చేచోట కొంచెం పిండి పూస్తాం, ఒత్తిడి తట్టుకునేచోట అరగదీస్తాం. పనితనమంతా అక్కడే, తక్కినదంతా మామూలే. దాని మీద ప్లాస్టిక్ పొర, మేజోడు లాంటి గుడ్డ తొడిగి, పైన ఇంకో ప్లాస్టిక్ సంచి కట్టి, మధ్యలో రెజిన్ పోసి గాలి లాగేస్తాం. రెజిన్ గడ్డకట్టేలోపు చేత్తో కిందికి పైకి నిమరాలి, బుడగ మిగలకూడదు. ఆ గుడ్డ పొరల్లో మీకు నచ్చిన బట్ట ఏది పెట్టినా సాకెట్ మీద ఆ డిజైన్ శాశ్వతంగా ఉండిపోతుంది. చాలామంది చర్మం రంగు అడుగుతారు. వీడు గ్రీవస్‌ని పెట్టమన్నాడు.

వాళ్ళమ్మకి గుండె ఆగినంత పనైంది. "గిదేంది అన్నా, దయ్యం లెక్కున్నది! ఏ హనుమంతుడో, చిన్న కృష్ణుడో ఉంటే వెయ్యరాదా?"

నేనూ వాడికి నచ్చజెప్పబోయాను. అదే సినిమాలో హీరోకి కూడా ఇనుప చెయ్యి ఉంది కదరా, అది వేద్దాం అన్నాను. వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "హీరోకి గ్లవ్ ఉంటది కదా అంకుల్. ఏం కనవడదు."

ఆ రాత్రి ఇంటికెళ్ళి పాత డిస్కులు తీసి వరసగా చూశాను. పిల్లాడు చెప్పింది అక్షరాలా నిజం.

మొదట వచ్చిన స్టార్ వార్స్ సినిమాల హీరో ల్యూక్. వాడి చెయ్యి 1980 సినిమాలో తెగుతుంది. చివర్లో కొత్త చెయ్యి పెడతారు, సూదితో వేళ్ళు గుచ్చితే ఉలిక్కిపడతాడు. మణికట్టు దగ్గర మూత తెరిచి ఉన్న ఒక్క క్షణమే లోపలి మిషన్ కనిపిస్తుంది, మూత వేశాక మళ్ళీ మామూలు చర్మమే. 1983 సినిమాలో ఆ చేతికి దెబ్బ తగిలి లోపలి లోహం కనబడగానే నల్ల గ్లవ్ తొడిగేస్తాడు. ల్యూక్ తండ్రి, కథలో ముందు తరం హీరో అనకిన్ చెయ్యి 2002 భాగంలో తెగింది. పెళ్ళి సీన్‌లో బంగారు రంగు లోహపు వేళ్ళు పెళ్ళికూతురి చేతిని పట్టుకుంటాయి, అది నిజంగా అందమైన షాట్. తర్వాతి భాగానికి దాని మీదా గ్లవ్ వచ్చేసింది. అదే మనిషి మొత్తం కాలిపోయి డార్త్ వేడర్ అయ్యాక మాత్రం మిషన్ అంతా బయటికొచ్చింది. ఛాతీ మీద బటన్లు, ముసుగు, ఊపిరి చప్పుడుతో సహా. ఆ చప్పుడు సముద్రంలో దిగేవాళ్ళ శ్వాస రెగ్యులేటర్‌తో బెన్ బర్ట్ అనే సౌండ్ డిజైనర్ చేశాడు. చివరికి గురువుగారు ఓబీ వాన్ కూడా శిష్యుడి గురించి ఏమంటాడు? వాడిప్పుడు మనిషికంటే యంత్రమే ఎక్కువ, దుర్మార్గుడు అంటాడు. రెండు మాటలూ ఒకే ఊపిరిలో.

యంత్రం ఎక్కువైతే దుర్మార్గం ఎక్కువవుతుందా? మా టైలర్‌కి రెండు కిలోల యంత్రం ఉంది. ఆయనలో దుర్మార్గం ఎంత పాలో ఎవరు తూకం వేస్తారు?

ఆ సినిమాలకే ఈ సంగతి తెలుసు, అది మెచ్చుకోవాలి. 1983 క్లైమాక్స్‌లో ల్యూక్ కోపంతో తండ్రి చెయ్యి నరికేస్తాడు. తెగినచోట వైర్లు వేలాడుతుంటాయి. అది చూసి, గ్లవ్‌లో ఉన్న తన చెయ్యి చూసుకుంటాడు. కత్తి పారేస్తాడు. అన్ని భాగాల్లోనూ నాకు నచ్చిన సీన్ అదొక్కటే. అక్కడైనా గ్లవ్ తీసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త బృందం అమెరికా రక్షణ శాఖ పరిశోధన నిధులతో నిజమైన కృత్రిమ చెయ్యి తయారుచేసి 2014లో అనుమతి తెచ్చుకుంది. దాన్ని అందరూ 'ల్యూక్ ఆర్మ్' అంటారు. నిజం చేతికి హీరో పేరు పెట్టుకోవడం మనుషులకి సహజం. మరి హీరో ఎందుకు దాన్ని దాచుకోవాలి?

మీరు ఇప్పుడు ఇలాంటి కథలు ఇక్కడే, మన ఊళ్ళోనే తయారుచేస్తున్నారు. పరాయి దేశం వాళ్ళ గ్లవ్‌ని కూడా ఎందుకు దిగుమతి చేసుకుంటారు? మనకు గూని మంథర ఉందని, ఒంటికన్ను శుక్రాచార్యుడు ఉన్నాడని మీరనొచ్చు. నిజమే. "కుంటి సాకులు" అని మనం రోజుకి నాలుగుసార్లు రాస్తాం, అంటాం. నేనే అనేవాణ్ణి. కానీ మన దగ్గర ఇంకో పాత కథ కూడా ఉంది. ఋగ్వేదం మొదటి మండలం, 116వ సూక్తం. యుద్ధంలో విశ్పల కాలు తెగిపోతే అశ్వినీ దేవతలు రాత్రికి రాత్రే ఇనుప కాలు అమర్చి మళ్ళీ పరుగెత్తించారని అందులో ఉంది. విశ్పల స్త్రీయా, పందెపు గుర్రమా అని పండితులు వాదించుకుంటారు, వాళ్ళ గొడవ వాళ్ళది. మనకు దొరికిన మొట్టమొదటి ఇనుప కాలు మంచివాళ్ళ పక్షాన, దేవతల చేతిమీదుగా వచ్చింది. సిగ్గుపడి కప్పిపెట్టినట్టు ఎక్కడా లేదు.

అంత వెనక్కి ఎందుకు, 'మయూరి' లేదూ? సుధాచంద్రన్ 1981లో బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ పాదంతో మళ్ళీ నాట్యం చేసింది. సింగీతం శ్రీనివాసరావు గారు 1985లో ఆ కథను తెలుగులో తీస్తే తనే నటించింది, జాతీయ అవార్డుల్లో స్పెషల్ జ్యూరీ గుర్తింపు వచ్చింది. ఆ జైపూర్ పాదం వెనక ఒక శిల్పి రామచంద్ర శర్మ, ఒక డాక్టర్ పి.కె. సేథీ ఉన్నారు. బయటి దేశాల పాదాలతో బాసింపట్టు వేసుకోలేరు, చెప్పుల్లేకుండా పొలంలో నడవలేరు కాబట్టి మనవాళ్ళ బతుకుకు తగ్గట్టు రబ్బరుతో చేశారు. విదేశీ గ్రాఫిక్స్ పుస్తకాల్లో దొరకని డిజైన్ ఇది, మన వీధుల్లోనే నడుస్తోంది.

2024 జులైలో సుప్రీంకోర్టు కూడా సినిమాల్లో వికలాంగుల్ని ఎలా చూపించాలన్నదాని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చదవండి. నేను కోర్టు పేరు చెప్పి భయపెట్టడానికి రాయడం లేదు, విలన్లకి ఇనుము పెట్టొద్దని కూడా అనడం లేదు. అలా అంటే ముందు ఆ పిల్లాడే నన్ను కొట్టేలా ఉన్నాడు. విలన్‌కి పెట్టండి, శుభ్రంగా పెట్టండి. కాకపోతే దానికి డబ్బు ఎవరు కట్టారో, ఎవరు బిగించారో, ఎక్కడ ఒరుసుకుంటుందో కూడా చూపించండి. మే నెలలో లైనర్ (సాకెట్ లోపల వేసుకునే మెత్తటి తొడుగు) లోపల చెమట పట్టి కాలు జారిపోతుంది, సాయంత్రానికి స్టంప్, అంటే తెగాక మిగిలిన కాలి భాగం, సన్నబడి ఇంకో సాక్సు వేసుకోవాల్సి వస్తుంది, లేని బొటనవేలికి అర్ధరాత్రి దురద పుడుతుంది. ఇవి తెలిస్తే మీ విలన్ ఇంకా భయంకరంగా ఉంటాడు, కానీ మనిషిలా భయంకరంగా ఉంటాడు. గ్రీవస్ దగ్గు పనిచేసింది అందుకే. చివర్లో ఓబీ వాన్ ఆ ఛాతీ రేకు లాగేసి, లోపలి మాంసం మీద తుపాకీ పేల్చి చంపుతాడు. వాడు చచ్చింది మిగిలిన ఆ కాస్త మాంసం వల్లే.

ఇక హీరోకి, హీరోయిన్‌కి, పక్కన నవ్వించే ఫ్రెండ్‌కి కూడా ఇనుము పెట్టండి. పైన గ్లవ్ వేయకండి. ఒక పాటలో హీరో ప్యాంటు మడిచి, పైపు కనిపిస్తూ స్టెప్పు వేస్తే నేను థియేటర్లో లేచి విజిల్ వేస్తాను. అలవాటు లేదు, నేర్చుకుంటాను.

ఆ పిల్లాడికి గ్రీవస్ సాకెట్ వేశాం. వాళ్ళమ్మ మొహం తిప్పుకునే ఉంది. వాడు మాత్రం నిక్కరేసుకుని బడికి వెళ్ళాడట, అంతకుముందు ఎండాకాలంలో కూడా ఫుల్ ప్యాంటే. క్లాసులో ఎవడో "రోబో" అంటే, "రోబో అంటే గ్రీవస్‌కి గూడ మండుతది, తెల్సా" అన్నాడట. అది నిజమే, గ్రీవస్‌ని రోబో అంటే ఒప్పుకోడు.

మొన్న మూడో సాకెట్ కొలతలకి వచ్చాడు. పొడుగయ్యాడు, గొంతు కూడా కొంచెం మారుతోంది. టీషర్ట్ తెచ్చావా అంటే సిగ్గుపడ్డాడు. ఇప్పుడు గ్రీవస్ వద్దట. నారింజ రంగు క్రికెట్ జెర్సీ బట్ట కావాలట. తేవడానికి సుల్తాన్ బజార్ వెళ్ళాలి, ఇంకా తీరలేదు.

పాత గ్రీవస్ సాకెట్ నా అలమరలోనే ఉంది. మడమ వైపు కొంచెం గీరుకుపోయింది, బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. ఆ స్టూడియో అబ్బాయి మళ్ళీ వస్తే చూపిస్తాను, మీలో ఎవరొచ్చినా చూపిస్తాను. మధ్యాహ్నం రెండున్నర దాటాక రండి, పొద్దున ప్లాస్టర్ పనిలో ఉంటాను. టైలర్ గారు మంగళవారాలు వస్తారు. ఫోటో తీసే ముందు ఆయన్ని ఒక మాట అడగండి.

ఇట్లు,
ఒక కృత్రిమ అవయవాల టెక్నీషియన్
హైదరాబాద్